మతి చెదిరినవారి బాధ్యత ఎవరిది?

బుద్ధి నిలకడ తప్పిన మనిషికి ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ప్రత్యేక స్థానం ఉంది. నిద్రించేవాడు మేల్కొనే వరకు, పసివాడు యుక్తవయస్కుడయ్యే వరకు, మతి చెదిరినవాడు స్వస్థుడయ్యే వరకు వారి కర్మలను వ్రాసే కలం ఎత్తివేయబడి ఉంటుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలిపినట్లు హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. నమాజు, ఉపవాసం, క్రయవిక్రయాలు, నేరము, శిక్ష మొదలైన విషయాలన్నిటిలోనూ ధర్మవేత్తలు ఈ సూత్రాన్నే ఆధారంగా తీసుకున్నారు. అయితే రోగి భుజాల మీది నుండి దిగిన భారం ఎక్కడికి పోతుంది? అతని సంరక్షకుని మీదికీ, బంధువుల మీదికీ, వారు లేనప్పుడు సమాజం మీదికీ వస్తుంది. దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌నిసా సూరా 5వ ఆయతు తెలివి చాలనివారి చేతికి ఆస్తిని ఇవ్వవద్దంటూనే, అందులో నుండి వారికి అన్నవస్త్రాలు సమకూర్చాలనీ, వారితో మంచిగా మాట్లాడాలనీ ఆదేశిస్తున్నది.

అన్నం, బట్ట, మంచిమాట. ఈ మూడింటిలో మొదటి రెండింటినీ ముస్లిం పాలకులు, దాతలు ఎంతో కొంత సమకూర్చారు. మూడవదానికి మాత్రం చరిత్రలో హెచ్చుతగ్గులు చాలా ఉన్నాయి. ఈనాడు మానసిక ఆపద వేళ రోగి వద్దకు వెళ్ళే సైకాలజిస్టు పని ఆ మూడవదానితోనే మొదలవుతుంది. సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఒక ఇంట్లో అర్ధరాత్రి ఒక మనిషికి మతి చెదిరితే ఆ తలుపు తట్టవలసినది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే కొంత వెనుకటి చరిత్ర తెలియాలి.

బీమారిస్తాన్‌లు

ఈజిప్టు పాలకుడు అహ్మద్ ఇబ్న్ తూలూన్ క్రీ.శ. 872-874 ప్రాంతంలో నిర్మించిన వైద్యాలయంలో మతి చెదిరినవారికి ప్రత్యేక విభాగం ఉండేది. ఆయన ప్రతి శుక్రవారం స్వయంగా వెళ్ళి రోగులను పరామర్శించేవాడని చరిత్రకారుడు అల్ మఖ్రీజీ వ్రాశాడు. ఒకనాడు ఒక రోగి తనకు దానిమ్మపండు కావాలని కోరాడు. పాలకుడు తెప్పించి ఇచ్చాడు. రోగి కొంతసేపు దానిని చేతిలో ఆడించి, ఉన్నట్టుండి ఆయన రొమ్ము మీదికి విసిరికొట్టాడు. దుస్తులు పాడైపోయాయి. ఆ తరువాత ఇబ్న్ తూలూన్ మరెన్నడూ ఆ వైద్యాలయంలో అడుగుపెట్టలేదట.

ఈ చిన్న కథలో పెద్ద విషయం ఉంది. వైద్యాలయం నిలిచింది, ఆహారం అందింది, మందులు అందాయి. పరామర్శ మాత్రం ఆగిపోయింది. రోగి నెమ్మదిగా ఉన్నంతకాలం అతనితో మాట్లాడడం కష్టం కాదు. అతడు పండు విసిరిన రోజున కూడా తిరిగి వెళ్ళగలగడమే అసలు పరీక్ష.

పండితుల కృషి మరొక ప్రక్క సాగింది. అబూ జైద్ అల్ బల్ఖీ (850-934) శరీరానికీ మనస్సుకూ కలిపి ఒక ఆరోగ్య గ్రంథం వ్రాశాడు. భయము, కోపము, దుఃఖము, వస్‌వాసు అని మనోవ్యాధులను నాలుగు తెగలుగా విడదీశాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా మనిషిని ఆవరించే దుఃఖం వేరని గుర్తించాడు. శరీరం కోసం ఇంట్లో మందులు దాచుకున్నట్లే, మనస్సుకు కష్టకాలంలో పనికివచ్చే ఆలోచనలను ఆరోగ్యంగా ఉన్నప్పుడే సిద్ధం చేసుకోవాలని సలహా ఇచ్చాడు. నేటి సైకాలజిస్టు రోగితో కూర్చుని చేసే పనికి ఈ సలహా ఎంత దగ్గరగా ఉన్నదో గమనించదగినది.

డమాస్కస్‌లో నూరుద్దీన్ 1154లోనూ, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లోనూ స్థాపించిన బీమారిస్తాన్‌లు వక్ఫు ఆదాయంతో నడిచాయి. ఎదిర్నెలో సుల్తాన్ రెండవ బాయజీద్ 1488 నాటికి పూర్తి చేయించిన వైద్యాలయంలో రోగుల కోసం గాయకులు, వాద్యకారులు వచ్చేవారని పదిహేడవ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ వర్ణించాడు. ఇవన్నీ గర్వించదగిన విషయాలే. కాని చరిత్రను ఒక కంటితో చూడరాదు. పన్నెండవ శతాబ్దంలో బగ్దాదును చూచిన యూదు యాత్రికుడు తుదేలా బెంజమిన్ అక్కడి పిచ్చివారిని స్వస్థులయ్యే వరకు ఇనుప గొలుసులతో బంధించేవారని వ్రాశాడు. ఖలీఫా వారికి భోజనం పెట్టించేవాడనీ, అధికారులు నెలనెలా వచ్చి పరీక్షించి, నయమైనవారిని ఇంటికి పంపేవారనీ ఆయనే వ్రాశాడు. దయ, గొలుసు ఒకే కప్పు క్రింద ఉండేవి.

దారుష్షిఫా నుండి ఎర్రగడ్డ దాకా

దక్కనులో ముహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదు నగరంలో 1595లో దారుష్షిఫా కట్టించాడు. అక్కడ యునానీ వైద్యమూ జరిగేది, వైద్యబోధనా జరిగేది. ఈనాటికీ ఆ పేటకు అదే పేరు. నిజాం రాజ్యపు చివరి దశలో మానసిక రోగుల ఆసుపత్రి జాల్నాలో ఉండేది. నల్లగొండ జిల్లా పల్లెలోని ఒక కుటుంబానికి మరాఠ్వాడాలోని జాల్నా ఎంత దూరమో చెప్పనక్కరలేదు. అక్కడికి పంపిన మనిషిని మళ్ళీ చూడడం అందరికీ సాధ్యమయ్యేది కాదు. 1953లో ఆ ఆసుపత్రి హైదరాబాదు ఎర్రగడ్డకు తరలివచ్చింది. దూరం తగ్గింది. కాని ఎర్రగడ్డ అన్న ఊరిపేరే తెలుగునాట తిట్టుగా, ఎగతాళిగా మారిపోయింది. ఆ పేరు వినడానికే సిగ్గుపడిన కుటుంబాలు రోగిని ఇంటిలోనే దాచిపెట్టాయి.

చట్టం కూడా ఇదే ధోరణిలో సాగింది. 1912 నాటి భారత ఉన్మాద చట్టం ప్రకారం రోగి ఆసుపత్రికి చేరే మార్గంలో పోలీసు, మేజిస్ట్రేటు ప్రముఖంగా ఉండేవారు. ఆ చట్టం స్థానంలో 1987లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమలులోకి వచ్చింది. ఎనిమిది దశాబ్దాల పాటు జబ్బుపడిన మనిషిని నేరస్థుడు నడిచే దారినే నడిపించారన్నమాట. మతి చెదిరినవాడి మీద కలం లేదని చెప్పే ధర్మం ఒక ప్రక్క, అతనిని ఠాణాకు తీసుకువెళ్ళే చట్టం మరొక ప్రక్క ఉండేవి. సామాన్యుడు ఈ రెండింటి నడుమ నలిగిపోయాడు.

గోడ దాటి వచ్చిన వైద్యం

రోగి వైద్యాలయానికి రావడం గాక వైద్యమే రోగి వద్దకు వెళ్ళాలన్న ఆలోచన ఇరవయ్యవ శతాబ్దంలో బలపడింది. 1930లలో ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలక సంస్థ ఖర్చు తగ్గించుకోవాలని తలచి, ఆసుపత్రిలో చేర్చకముందే రోగులను ఇళ్ళకు వెళ్ళి చూడవలసిందిగా ఆరీ క్వెరిడో అనే వైద్యుణ్ణి నియమించింది. పొదుపు కోసం మొదలైన పని కొత్త జ్ఞానాన్ని ఇచ్చింది. రోగి మనఃస్థితికీ, అతని ఇంటికీ, ఉపాధికీ, ఇరుగుపొరుగుకూ గల సంబంధం ఇంటికి వెళితేనే కనబడుతుందని ఆయన గ్రహించాడు.

అమెరికాలోని బోస్టన్‌లో 1942 నవంబరు 28న ఒక నృత్యశాల అగ్నికి ఆహుతి కాగా 492 మంది మరణించారు. బ్రతికినవారిని, మృతుల బంధువులను పరిశీలించిన ఎరిక్ లిండెమన్ 1944లో తన వ్యాసం ప్రకటించాడు. ఆపద తగిలిన తొలి రోజులలో తగిన ఆసరా దొరికితే దుఃఖం తన మార్గాన తాను తగ్గుతుందనీ, దొరకకపోతే వ్యాధిగా ముదరగలదనీ ఈ కృషి చూపింది. సహాయానికి ఒక సమయం ఉంటుందన్న సంక్షోభ సిద్ధాంతానికి ఇది పునాది. ఇటలీ 1978లో మానసిక చికిత్సాలయాలను క్రమంగా మూసివేసే చట్టం చేసింది. ఇంగ్లాండులో 2000 తరువాత ఆపద వేళ ఇంటికే వెళ్ళి చికిత్స చేసే బృందాలు దేశమంతటా ఏర్పడ్డాయి.

మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో ప్రారంభమైంది. 1984 డిసెంబరు 2-3 తేదీల రాత్రి జరిగిన భోపాల్ విషవాయు దుర్ఘటన, ఒక ఊరికి ఊరే మనోవ్యధకు గురైతే ప్రత్యేక నిపుణుల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేమని తెలియజెప్పింది. అక్కడి సాధారణ వైద్యాధికారులకే మానసిక చికిత్సలో శిక్షణ ఇవ్వవలసివచ్చింది. 1985లో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ బళ్ళారి జిల్లాలో ప్రయోగం ప్రారంభించింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఆ జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారానే మూర్ఛకూ, ఉన్మాదానికీ, క్రుంగుబాటుకూ చికిత్స జరిగింది. ఆ నమూనాతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలలో మొదలైంది. అందులో ఒకటి నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్. మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, సామాజిక కార్యకర్త, నర్సు కలిసి ఒక బృందంగా జిల్లాలో పనిచేయాలన్నది ఈ కార్యక్రమపు ముఖ్యాంశం.

ఎర్వాడి నేర్పిన పాఠం

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో, దర్గా పరిసరాలలోని ఒక ప్రైవేటు ఆశ్రయంలో నిప్పు అంటుకొంది. రోగులను గొలుసులతో కట్టివేసి ఉంచడం వలన వారు తప్పించుకోలేకపోయారు. 28 మంది దగ్ధమైపోయారు. దేశమంతా దిగ్భ్రాంతి చెందింది. సుప్రీంకోర్టు తనంత తాను కేసు చేపట్టింది.

ఈ దుర్ఘటనను ముస్లిం సమాజం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసి ఉంది. అక్కడికి రోగులను తీసుకువచ్చినవారు అన్ని మతాలవారు. వారిలో చాలామంది ప్రేమతోనే తీసుకువచ్చారు, దుఆ ఫలిస్తుందని నమ్మి వదిలి వెళ్ళారు. దగ్గరలో చికిత్స లేకపోవడం, ఉన్నదానికి వెళ్ళడానికి సిగ్గుపడడం, ఇంట్లో పెట్టుకోవడానికి శక్తి లేకపోవడం, ఈ మూడూ కలిసి వారిని ఆ గొలుసుల దాకా నడిపించాయి. దుఆ చేయడం తప్పు కాదు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు సృష్టించాడనీ, చికిత్స చేయించుకోవాలనీ దైవప్రవక్త (స) బోధించినట్లు హదీసులలో ఉన్నది కదా! మందును వదిలి దుఆను మాత్రమే పట్టుకోవడం ఆ బోధనలో సగాన్నే పాటించడమవుతుంది.

2017లో చేయబడి 2018 మే 29 నుండి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనైనా సరే గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ఆపద వేళ రిజిస్టరైన ఏ వైద్యుడైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయవచ్చునని అనుమతించింది. వీధులలో తిరిగే రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే 24 గంటలలోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్పులో ఉంచరాదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మనోవ్యథలో ఉన్నాడని భావించి, శిక్షించక సంరక్షించడం ప్రభుత్వ విధి అని కూడా ఈ చట్టం చెప్పింది. ఎత్తివేయబడిన కలం అన్న పురాతన సూత్రం ఒక విధంగా ఈనాటి చట్టంలోకి ప్రవేశించిందనవచ్చు.

మూడు పట్టణాలు, ఒక పని

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ రైలుమార్గం మీద, నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, బియ్యం మిల్లుల కేంద్రంగా పెరిగింది. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగినప్పుడు మొదటి రెండూ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్ళగా, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలో మిగిలింది. 2019లో సూర్యాపేట, నల్లగొండ రెండింటిలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఎర్రగడ్డ దాకా పోనక్కరలేని చికిత్సకు మార్గం ఏర్పడింది.

1967లో ఎడమ కాలువకు నీరు వచ్చిన తరువాత ఈ ప్రాంతంలో పంటా పెరిగింది, దానితోపాటు అప్పూ పురుగుల మందూ ఇంటింటికీ చేరాయి. ఇక్కడి మానసిక ఆపదలలో అన్నిటికన్న ప్రాణాంతకమైనది ఆ డబ్బాయే. భార్యాభర్తల తగాదా, పరీక్ష తప్పడం, మిల్లులో కూలి దొరకకపోవడం, పెళ్ళి చెడిపోవడం వంటి కారణంతో మనిషి కొన్ని నిమిషాల ఆవేశంలో చేయి చాస్తాడు. ఆ నిమిషాలు గడిచిపోతే అతడే బ్రతకాలని కోరుకొనవచ్చు. చేతికందేచోట విషం ఉంటే ఆ నిమిషాలు గడవవు. శ్రీలంకలో 1995లోనూ 1998లోనూ అతి విషపూరితమైన పురుగుమందులను నిషేధించగా, 2005 నాటికి ఆ దేశంలో ఆత్మహత్యల రేటు సుమారు సగానికి తగ్గింది. అక్కడ మనుషుల కష్టాలేమీ మాయం కాలేదు. చేతికందే విషం తగ్గింది.

ఇటువంటి వేళ సైకాలజిస్టు చేసే పని చూడడానికి చాలా మామూలుగా ఉంటుంది. మందులు వ్రాయడం మానసిక వైద్యుని పని, గాయానికి చికిత్స క్యాజువాలిటీ డాక్టరు పని. సైకాలజిస్టు మొదట గదిలోని జనాన్ని తగ్గిస్తాడు. రోగికి ఎదురుగా గాక కొంచెం ప్రక్కగా, అతనితో సమానమైన ఎత్తులో కూర్చుంటాడు. అతడు చెప్పేది పూర్తి అయ్యే దాకా వింటాడు. చనిపోవాలని ఉన్నదా, ఎలా అనుకున్నారు, ఇంట్లో ఆ వస్తువు ఉన్నదా అని సూటిగా అడుగుతాడు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని ఇంటివారు భయపడతారు. అడగడం వలన అటువంటి హాని కలగదని పరిశోధనలు తెలుపుతున్నాయి. చాలామందికి తమ మనస్సులోని మాటను ఒకరు పేరు పెట్టి పలకడమే కొంత ఉపశమనం. తరువాత విషం డబ్బా ఎవరి దగ్గర తాళంలో ఉండాలి, ఈ రాత్రి ప్రక్కన ఎవరు పడుకోవాలి, రేపు ఏ వేళకు మళ్ళీ కలవాలి అన్నవి నిర్ణయమవుతాయి. ఇక్కడి పని ఒక్క పూటలో ముగియదు. మరునాడు, మరుసటి వారం, తరువాతి నెల మళ్ళీ పలకరించడమే ఇందులో ముఖ్యభాగం.

భాష కూడా చికిత్సలో భాగమే. ఈ మూడు పట్టణాలలో మనిషి తన బాధను తెలుగులో చెప్పవచ్చు, దక్కనీ ఉర్దూలో చెప్పవచ్చు, తండాల నుండి వచ్చినవారు లంబాడీ భాషలో చెప్పవచ్చు. గాలి సోకిందంటారు, నజర్ తగిలిందంటారు, ఆసేబ్ అంటారు, ఎవరో చేతబడి చేశారంటారు. సైకాలజిస్టు ఆ మాటలను ఎగతాళి చేయడు. నిద్ర ఎన్నాళ్ళ నుండి పట్టడం లేదు, ఎవరూ లేనప్పుడు గొంతులు వినిపిస్తున్నాయా, ప్రసవమై ఎన్ని రోజులైంది, సారా హఠాత్తుగా మానేశారా అని అదే మాటల నడుమ నుండి తెలుసుకుంటాడు. దుఆ మాన్పించడు, మందు మాననివ్వడు.

చిన్న పట్టణంలో అన్నిటికన్న పెద్ద అడ్డంకి గోప్యత. ఒక ఇంటి ముందు ఆసుపత్రి జీపు ఆగితే సాయంత్రానికి బస్తీ అంతా తెలుస్తుంది. ఆడపిల్ల పెళ్ళి చెడిపోతుందేమోనన్న భయంతో ఎన్నో కుటుంబాలు జబ్బును సంవత్సరాల తరబడి దాచిపెడతాయి. ఆత్మహత్య హరామ్ అన్న జ్ఞానం కూడా ఒక్కొక్కసారి వికటించి, ప్రయత్నించిన మనిషి పొరపాటున తాగాడని చెప్పించి, చికిత్స అందకుండా చేస్తుంది. హరామ్ అన్న తీర్పు ప్రాణాన్ని కాపాడడం కోసమే వచ్చింది. ప్రాణం మీదికి వచ్చినవానిని దాచిపెట్టడానికి దానిని సాకు చేసుకోరాదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నది. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వేయే తేల్చింది.

సమాజం చేయదగినది

నాటి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మొదలైంది. శరీరానికి ఆపద వస్తే ఫోను చేయాలని పల్లెలో చదువురానివారికి కూడా తెలిసింది. మనస్సుకు ఆపద వస్తే పిలవదగిన టెలీమానస్ నంబరు 14416 ఆ తరువాత 17 ఏళ్ళకు, 2022 అక్టోబరు 10న దేశంలో ప్రారంభమైంది. 108 ఎంత మందికి తెలుసో 14416 కూడా అంత మందికి తెలియాలి. మసీదు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించడానికి ఖర్చు లేదు. జుమా ప్రసంగంలో సంవత్సరానికి రెండు మూడు సార్లయినా ఈ జబ్బుల గూర్చి, మందు గూర్చి, గొలుసు నేరమన్న విషయం గూర్చి చెప్పవచ్చు. సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు ముస్లిములు, హిందువులు కలిసి వస్తారు. మనుషులు తమ కష్టాలను చెప్పుకోవడానికి వచ్చే అటువంటి చోట్ల చికిత్స దొరికే దారి కూడా తెలియజేస్తే ఎందరికో మేలు జరుగుతుంది. పురుగుమందులను ఇళ్ళలో గాక ఊరందరికీ కలిపి ఒకచోట తాళం వేసి ఉంచే పద్ధతిని తమిళనాడు గ్రామాలలో ప్రయత్నించి చూశారు. సాగర్ ఆయకట్టు ఊళ్ళలో దీనిని ఎవరైనా మొదలుపెట్టవచ్చు.

కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరేది, ఎవరూ చేయకపోతే అందరూ దోషులయ్యేది ఫర్జె కిఫాయా అని ధర్మవేత్తలు నిర్వచించారు. వైద్యవిద్యను ఆ కోవలో చేర్చినవారు ఉన్నారు. సైకాలజిస్టు, మానసిక వైద్యుడు, నర్సు కలిసి ఒక జిల్లాలో ఈ పని చేస్తుంటే వారు సమాజమంతటి తరఫున చేస్తున్నారని భావించాలి. అయితే వారు రోగి గుమ్మం దాకా మాత్రమే రాగలరు. లోపలికి పిలవవలసినది ఇంటివారు. మన పిల్లలలో కొందరు ఈ చదువును ఎన్నుకొని, మన భాషలలో మన రోగులతో మాట్లాడగలిగేలా తయారు కావడం కూడా అవసరమే.

ఇబ్న్ తూలూన్ కట్టించిన వైద్యాలయం కాలగర్భంలో కలిసిపోయింది. దానిమ్మపండు విసిరిన రోగి పేరు ఎవరికీ తెలియదు. కాని అటువంటి రోగి ఈనాడు కోదాడలో ఉన్నాడు, మిర్యాలగూడలో ఉన్నాడు, సూర్యాపేట బస్తీలో తలుపు వేసిన ఒక గదిలో ఉన్నాడు. అతని మీద కలం లేదు. అతని ఇరుగుపొరుగువారి మీద ఉన్నది.